రెండో మధ్యవర్తి

నా సంతకం చూశారా మీరు?
షేక్ నాగుల్ మీరా.
చివరి దీర్ఘం పొడుగ్గా లాగి కింద రెండు చుక్కలు పెడతాను.
టీ బాకీల పుస్తకంలో దిద్దుకున్న అక్షరాలు.
గుంటూరులో, స్టేషన్ ఎదురుగా ఇరవై ఆరేళ్ల బంకు నాది.
రాత్రి రెండింటికి కూడా స్టవ్వు మీద పాలుంటాయి,
అందుకని
రాత్రి రెండింటికి కూడా సాక్షి దొరుకుతాడు.

"మీరా, నాలుగు టీలు. నువ్వూ రా."
తీగబుట్టతో వెళ్లాను.
తెల్ల కాగితాలు మూడు. అడుగున నా పేరు.
నా వేలి డికాక్షన్ మరక ఒక మూల అంటింది,
రైటరు విసుక్కుని, ఊది ఆరబెట్టాడు.
నేను చేసింది అంతే.

ఆ తెలుపులో తర్వాత ఏం మొలిచిందో
కోర్టులో చదువుతుంటే విన్నాను.
తెల్లవారుజామున నల్లపాడు రైలుకట్ట దాకా నడిచానట,
ముద్దాయి ముందు నడిచి తుమ్మపొద చూపించాడట,
మా సమక్షంలో వంగి
బస్తాలెత్తే కొక్కెం తీసిచ్చాడట,
మొన మీద ఎండిన నెత్తురట.
మోకాళ్ల నొప్పులవాణ్ణి.
అంతదూరం నన్ను నడిపించింది కాగితమే.

ముద్దాయి తరపు వకీలు కుర్రాడు, కోటు ఇంకా కొత్తది.
"కొక్కెం పిడి ఏ రంగు?"
ముందురోజు నేర్పిన జవాబు నాలుక చివరే ఉంది.
"నలుపండి."
బోనులో అతను మొదటిసారి తలెత్తాడు.
కోపంగా కాదు,
ఎక్కం తప్పు చెప్పిన పిల్లాణ్ణి చూసినట్టు.

బందెల ఇశ్రాయేలు. మిర్చియార్డు హమాలీ.
యావజ్జీవం.
రాజమండ్రి తీసుకుపోతూ కానిస్టేబుళ్లు నా దగ్గరే ఆగారు.
అతనికీ ఒకటి పోశాను.
బేడీలతో గ్లాసు రెండు చేతులా పట్టుకుని తాగాడు.
ఆ టీ డబ్బులు ఎవరూ ఇవ్వలేదు.
అలవాటు కొద్దీ రాసుకున్నాను: ఇశ్రాయేలు, ఐదు.

పదకొండు మిర్చి సీజన్లు.
అతని భార్య సలోమి కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసి
మండే వేళ్లతో ఫీజు లెక్కపెట్టేదట,
ఆ నోట్లు ముట్టుకుంటే వకీలుకి తుమ్ములట.
హైకోర్టు తీర్పులో నా గురించి ఒక్కటే వాక్యం:
మధ్యవర్తుల మాట నమ్మదగినది కాదు.
నిజమే. ఆ మాట పదకొండేళ్ల కిందట
మా ఆవిణ్ణి అడిగినా చెప్పేది.
అసలు చంపినవాడెవరో తీర్పులో లేదు.
పోయిన గుమస్తా తమ్ముడు ఒకటి రెండుసార్లు స్టేషనుకొచ్చి,
టీ తాగి, వెళ్లిపోయాడు.

పోయిన మంగళవారం ఇశ్రాయేలు వచ్చాడు.
బల్ల చివర కూర్చున్నాడు. నేను పోల్చుకోలేదు.
మెడ కింద, బస్తాలు మోసి కాసిన కాయ
కరిగిపోయి మామూలు చర్మమైంది.
"ఆకుపచ్చది బాబాయ్," అన్నాడు.
"పిడికి సలోమి చీర అంచు చుట్టా.
ముఠా షెడ్డులో మేకుకి ఇంకా వేలాడుతోంది,
పొద్దున చూసొచ్చా."
షెడ్డు ఇక్కడికి సైకిలు మీద పది నిమిషాలు.
పదకొండేళ్లు.
పది నిమిషాలు.

తిడతాడని నిలబడ్డాను. చెంప కూడా సిద్ధం చేసుకున్నాను.
అతను టీ ఊదుకుని తాగాడు,
గ్లాసు పక్కన ఐదు రూపాయల బిళ్ల పెట్టి లేచాడు.
ఇప్పుడు టీ పన్నెండు.
పాత ధర అనుకున్నాడో,
పాత బాకీ తీర్చాడో.
అడగలేదు. బిళ్ల అక్కడే ఉంది,
తుడిచేటప్పుడు దాని చుట్టూ తుడుస్తున్నాను.

నిన్న రాత్రి గేటు దగ్గర్నించి కొత్త కానిస్టేబులు, మీసాలింకా సరిగా రాలేదు,
"మీరా, నాలుగు టీలు. నువ్వూ రావాలంట."
స్టవ్వు తగ్గించాను.
గ్లాసులు సర్దాను.
"ఉండు బాబూ," అని
డబ్బాలన్నీ తీసి
కళ్లజోడు వెతుక్కున్నాను.